చేటెడు తవుడుకు కొన్న బిడ్డ

ఆ పిల్లవాణ్ణి నేను చేటెడు తవుడుకు కొన్నాను. ఆ తవుడు కూడా నాది కాదు. మా ఇంట్లో గేదె లేదు, దూడ లేదు, తవుడెక్కడిది? అమ్మేవాళ్ళే తమ గొడ్ల కొట్టంలోంచి తెచ్చి నా చేతిలో పెట్టి, నా చేత మళ్ళీ తామే ఇప్పించుకుని, బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టారు. బేరమంటే అట్లా కుదరాలి.

మాచర్లలో మా ఇంటికీ పుల్లమ్మ పెద్దమ్మ ఇంటికీ నడుమ గోడ ఉంది గానీ అది పేరుకే. కూర గిన్నెలూ, కబుర్లూ, తిట్లూ అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ పోతుంటాయి. నేను బట్టలు కుడతాను. మా ఆయన బాజీ బైకులు బాగుచేస్తాడు. పెద్దమ్మ కొడుకు ప్రభుకు ఊరి బయట నాలుగెకరాల మిరప. అతని భార్య హరిత. మతాలు వేరైనా పదహారేళ్ళుగా వరసలు పెట్టి పిలుచుకుంటున్నాం.

పుల్లమ్మ పెద్దమ్మతో వాదన పెట్టుకునే మొనగాడు మా వీధిలో లేడు. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. ఈమె పుట్టగానే ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించి, పుల్లాకుల్లో దొరికింది కాబట్టి పుల్లమ్మ అన్నారట. ఎంగిలాకుల్లో దొరికినదాన్ని చావు కూడా ముట్టుకోదని ఆమె నమ్మకం. డెబ్బై రెండేళ్ళు నిండాయి, ముట్టుకోలేదు మరి. ఇక ఎవరేం చెప్పినా వింటుందా?

హరితకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచి, డిసెంబరు చలిలో మగపిల్లవాడు పుట్టాడు. మూడో రోజు పొద్దున ఇంటికి తెచ్చారు. తెచ్చిన గంటకే పెద్దమ్మ చేట పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. బిడ్డను అమ్మేస్తే ఆ కడుపు మీద కన్నేసిన మృత్యువు వెతుక్కుంటూ వచ్చి, వీడు వీళ్ళవాడు కాదులే అని వెళ్ళిపోతుంది. కొనేవాళ్ళు వేరే మతం అయితే మరీ మంచిది, ఆ ఇంట్లో దానికి తోవ తెలియదు. ఒక్కటే షరతు. కొనే తల్లి కడుపుకోత ఎరగనిదై ఉండాలి. పెద్దమ్మ నా పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఫైజలూ, వాడి తర్వాత ఇద్దరాడపిల్లలూ. మూడు వేళ్ళు ముడిచి నా మొహంలోకి చూసింది.

"ఏమే మెహరున్నీసా, నీ కడుపున పుట్టినోళ్ళెవురూ పోలేదుగా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను.

పోయింది. ఒకతి పోయింది. ఫైజల్ కంటే ముందు, గురజాలలో మా పుట్టింట్లో, నాకొక ఆడపిల్ల పుట్టింది. ఏడో రోజున ఫరా అని పేరు పెట్టుకున్నాం. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయేది. నుదుట చెమట పట్టేది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు అయ్యేవి. చలి అన్నారు, దిష్టి అన్నారు, నా పాలు పడలేదన్నారు. పదకొండో రోజు మధ్యాహ్నం నా రొమ్ము వదిలేసి మళ్ళీ పట్టుకోలేదు.

ఆ తర్వాతే మేము మాచర్ల వచ్చాం. కొత్త ఊళ్ళో ఈ సంగతి ఎత్తవద్దని మా అత్త ముందే చెప్పింది. తొలిచూలు పోయినదాన్ని శుభకార్యాలకు ఎవరు పిలుస్తారంది. నేను ఎత్తలేదు. పైగా దానివల్ల నాకు మంచి పేరే వచ్చింది. మెహరున్నీసా చేతి చలువ మంచిది, ఆమె కుట్టిన జుబ్బా తొడిగితే బిడ్డ నిలుస్తాడు అని ఎక్కడెక్కడి నుంచో పాత చీరలు తెచ్చి పసిగుడ్ల జుబ్బాలు కుట్టించుకుపోతారు. జానెడు గుడ్డ, రెండు నాడాలు. అట్లాంటివి కొన్ని వందలు కుట్టి ఉంటాను. ఒక్కొక్కదాని మడతలోనూ ఒక అబద్ధం పెట్టి కుట్టాను.

ఆ పొద్దున నిజం చెప్పొచ్చు కదా అంటే, చెప్పొచ్చు. గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ ముసలామెకు, పురిటింటికి పొద్దున్నే చావుకబురు వినిపించడానికి నోరు రాలేదు. అది ఒక సాకు. అసలు సంగతి నేనే ఒప్పుకుంటాను. నాకు ఆ పసిగుడ్డును ఒళ్ళోకి తీసుకోవాలని ఉంది.

కొన్న తల్లి నామకార్థం బిడ్డను రొమ్ముకు ఆనించుకోవాలి. హరిత మంచం పక్కన పీట మీద కూర్చుని, కొంగు కప్పి ఆనించుకున్నాను. వాడు కేరుమన్నాడు. కేరుమనలేదు, కేరుమనబోయి మధ్యలో ఆగిపోయాడు. కొంగు తీసి చూశాను. నుదుట చెమట. పెదాల మీద ఆ రంగు. గోళ్ళ కింద కూడా అదే రంగు. పదిహేడేళ్ళ తర్వాత ఆ రంగును మళ్ళీ నా ఒళ్ళోనే చూశాను.

గుంటూరు తీసుకుపోవాలి, ఇప్పుడే, అన్నాను. పెద్దమ్మ చలి అంది. వచ్చిన చుట్టమొకామె వాము కాపడం పెట్టమంది. అవే మాటలు, మనుషులే వేరు. ప్రభు భయపడి, నీకెట్లా తెలుసక్కా అని అడిగాడు. ఫోన్‌లో చూశానన్నాను. అది రెండో అబద్ధం. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు, ఇది బాగానే అతికింది. పురిటిబిడ్డను గడప దాటనివ్వనని పెద్దమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. నాకు ఒళ్ళు మండింది.

"పెద్దమ్మా, తవుడు పుచ్చుకున్నావుగా? ఈడిప్పుడు ఎవురి కొడుకు? నా కొడుకుని నేను ఆసుపత్రికి తీసకపోతా. నువ్వెవురు అడ్డం?"

ఆమె పక్కకు తప్పుకుంది. తన మాట తనకే తగిలితే ఎవరైనా తప్పుకోవలసిందే.

గుంటూరులో ఆసుపత్రికి చేరేసరికి వాడు నల్లబడిపోయాడు. ఇంకో పూట ఆలస్యమయితే దక్కేవాడు కాదన్నారు. గుండెలోంచి బయలుదేరే రెండు పెద్ద నాళాలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయట. మంచి రక్తం ఊపిరితిత్తుల్లోనే తిరుగుతుంది, చెడు రక్తం ఒంట్లో తిరుగుతుంది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి ప్రభుకు చెబుతున్నాడు. కొందరు పిల్లలు ఇట్లాగే పుడతారు, పాలు తాగుతూ ఆగిపోతారు, చెమటలు పడతాయి, వేళకు తెలిస్తే ఆపరేషన్ చేసి సరిచేయొచ్చు అన్నాడు. ఆ మాటకు ప్రభు చేతులు జోడించాడు. నేను ఆ బొమ్మనే చూస్తున్నాను. చలి కాదు. దిష్టి కాదు. నా పాలు కాదు. సరిచేయొచ్చు.

పదో రోజు ఆపరేషన్ చేశారు. పదకొండో రోజు నేను మాచర్లలో పచ్చినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ మధ్యాహ్నం గడియారం ముందు కూర్చుని, ఆ వేళ దాటేదాకా కదల్లేదు. బాజీకి తెలుసు. అన్నం మూతపెట్టి పనిలోకి పోయాడు.

వేళ దాటింది గానీ వాడు ఇంటికి రాలేదు. ఊపిరి గొట్టం తీస్తే నిలవలేక మళ్ళీ పెట్టారు. ఛాతీలో నీరు చేరిందన్నారు. తర్వాత జ్వరమన్నారు. సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి దగ్గరపడింది. రెండోసారి గొట్టం తీశారు, ఆరు గంటల తర్వాత మళ్ళీ పెట్టారు. ప్రభు మూడు రోజులు ఆసుపత్రి వరండాలో, ఒక రోజు మిరప చేలో. కాయ పండి చెట్టు మీదే ఎండిపోతోంది. కోతకు మనుషుల్ని పెట్టి, గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. అందులో బిడ్డ ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ మానిటర్ ఫోటోలే, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే అంకెలు. నిన్నటి అంకె పక్కన ఇవాళ్టి అంకె పెట్టి, ఎనభై ఆరు ఎనభై ఎనిమిదయింది చూడక్కా అని నాకు చూపించేవాడు. ఆ రెండు అంకెల మీద ఆ రోజంతా బతికేవాడు.

హరిత రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. అమ్మిన బిడ్డను నా కొడుకు అనకూడదు. అంటే మృత్యువుకు గుట్టు తెలిసిపోతుంది. పుల్లమ్మ పెద్దమ్మ ఆమెకు ఒట్టు పెట్టించి మరీ చెప్పింది.

"అక్కా, మీవోడు ఇయ్యాల కళ్ళు తెరిచాడు," అనేది. "అక్కా, మీవోడికి మళ్ళా జొరం."

మీవాడు. వాడికి కొంచెం బాగుంటే, నా అబద్ధాన్ని పైవాడు చూడలేదనుకునేదాన్ని. జ్వరమొస్తే చూశాడనుకునేదాన్ని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఫోన్ మోగితే చాలు నా చేయి గుండె మీదకు పోయేది.

అప్పుడే ఆ ఏడుపు మొదలైంది. నేను మిషన్ తొక్కుతుంటే దాని చప్పుడు కింద ఒక పసిబిడ్డ ఏడుపు. సన్నగా, సగంలో ఆగిపోతూ. కాలు ఆపితే ఏడుపూ ఆగుతుంది. తొక్కితే మళ్ళీ. సూది మార్చాను, నూనె పోశాను. ఫైజల్‌ని పిలిచి వినమన్నాను. ఏమీ లేదమ్మా, బెల్టు వదులైంది అన్నాడు. బెల్టు బిగించాడు. ఏడుపు పోలేదు. గుంటూరులో గొట్టంతో పడుకున్న వాడే నన్ను పిలుస్తున్నాడనుకున్నాను. నువ్వు కొన్నావుగా, వచ్చి చూడవేం అంటున్నాడనుకున్నాను. జుబ్బాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను ఒంట్లో బాగాలేదని తిప్పి పంపాను.

యాభై నాలుగో రోజున ప్రభు గోడ దగ్గరకు కాదు, గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం పెరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఎల్లుండి మూడోసారి గొట్టం తీస్తారట. ఈసారీ నిలవకపోతే గొంతుకు రంధ్రం చేయాలట. అది చెప్పినా గుమ్మం వదల్లేదు. అసలు విషయం ఇంకోటుందని నాకు అర్థమైంది. ప్రత్యూష అని ఒక నర్సు ఉంది, ఆమె ప్రభును పక్కకు పిలిచి మందలించిందట. తల్లి రోజూ రెండు పూటలా లోపలికి వస్తుంది, పది నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడి వెళ్ళిపోతుంది, ఇన్ని రోజుల్లో ఒక్కసారీ బిడ్డను ముట్టుకోలేదు, ఒక్క మాట మాట్లాడలేదు, ఎందుకని అడిగిందట. ముట్టుకోవాలి, పేరు పెట్టి పిలవాలి, తల్లి గొంతు వింటే పిల్లలు ఊపిరి బాగా తీసుకుంటారు అని చెప్పిందట.

"అమ్మిందాన్ని, నేను ముట్టుకుంటే ఆడి పానానికే ముప్పు అంటది అక్కా. కొన్నామె వచ్చి ముట్టుకోవాల అంటది. లోపలికేమో తల్లిని తప్ప రానియ్యరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఇంటది."

మర్నాడు పొద్దున బస్సెక్కాను. పిడుగురాళ్ళ దాటేదాకా ఏమీ చెప్పకూడదనుకున్నాను. ఊరికే ముట్టుకోమ్మా, నేను ఒప్పుకుంటున్నాను అంటే సరిపోతుంది. కానీ వాడు రేపు నిలవకపోతే, తను ముట్టుకోవడం వల్లే పోయాడని ఆ పిల్ల బతికినన్నాళ్ళూ అనుకుంటుంది. నిజం చెబితేనో, అబద్ధపు బేరంలో బిడ్డను పెట్టానని అనుకుంటుంది. ఏ వైపు చూసినా నుయ్యే. సత్తెనపల్లి దాటాక ఒకటి తేల్చుకున్నాను. అనుకుంటే నన్ననుకోనీ, తనని తను అనుకోవద్దు.

హరిత తల్లుల గదిలో మూలన కూర్చుని ఉంది. పాలు పిండి చిన్న సీసాలో పోసి, మీద టైము రాసి అంటిస్తోంది. ముక్కులో పెట్టిన సన్న గొట్టం గుండా వాడికి పోసేది ఆ పాలే. రోజుకు ఎనిమిది సార్లు పిండుతుందట. ముట్టుకోని బిడ్డ కోసం పాలు ఎండిపోకుండా ఎట్లా కాపాడుకుందో ఆ దేవుడికే తెలియాలి. చేతులు కడిగి కడిగి తోలు లేచిపోయింది. నన్ను చూడగానే లేచి చోటిచ్చింది. మీవాడు బాగానే ఉన్నాడక్కా అంది.

"మావోడు కాదమ్మా. నీవోడే. ఆ బేరం చెల్లదు," అన్నాను. "మీ అత్త అడిగినప్పుడు అబద్ధం చెప్పా. నాకొక పిల్ల పోయింది."

అంతా చెప్పాను. గురజాల, పదకొండు రోజులు, మా అత్త మాట, జుబ్బాలు. మధ్యలో ఆమె ఒక్కసారీ కదల్లేదు. సీసా చేతిలోనే ఉంది. నేను ఆపాక ఆమె అంది.

"యాభై రెండు రోజులు నేను ఆణ్ణి ముట్టుకోలేదక్కా."

నేను తల దించుకున్నాను.

"వేలు కూడా ఆనించలా. సూదులు పొడుస్తుంటే నోరు లేకుండా ఏడిచేవోడు, గొట్టం ఉంటే సప్పుడు రాదుగా. నోరు తెరుస్తాడు, మొహం ఎర్రబడద్ది, సప్పుడుండదు. నేను చేతులు కట్టుకోని చూస్తా నిలబడ్డా. ఎవురి కోసం నిలబడ్డా?"

నన్ను కొట్టినా బాగుండేది. చుట్టూ కూర్చున్న తల్లులు మా వైపు చూసి మళ్ళీ తమ సీసాల వైపు చూసుకున్నారు. ఆ గదిలో ఎవరి గోడు వారిది. హరిత మూత బిగించి, సీసా పక్కన పెట్టి, ఈసారి వేరే గొంతుతో అడిగింది.

"పాప పెదాలు ఎట్లుండేయి?"

"నేరేడుపండు తిన్నట్టు."

"పాలు తాగతా ఆగిపోయేదా?"

"ఆగిపోయేది. చెమటలు పోసేయి."

"అయితే నువ్వు ఫోన్లో చూడలా."

"లేదమ్మా."

ఆమె నా మొహంలోకి అట్లాగే చూసింది. బేరం జరిగిన రోజు పురిటిగది నిండా ఆడవాళ్ళున్నారు. పదిమంది పిల్లల్ని కన్నవాళ్ళు, పెంచినవాళ్ళు. నిజంగా కడుపుకోత ఎరగని ఏ మహాతల్లి చేతికో ఆ చేట ఇచ్చి ఉంటే, వాము కాపడం పెట్టుకుంటూ సాయంత్రందాకా కూర్చునేవాళ్ళం. ఇది ఇద్దరికీ ఒక్కసారే తట్టింది, అది ఆమె కళ్ళలో కనిపించింది.

"పేరు పెట్టారా?" అంది.

"ఫరా," అన్నాను. పదిహేడేళ్ళలో ఆ పేరు నా నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. బాజీ దగ్గర కూడా అనలేదు. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను. హరిత నన్ను ఓదార్చలేదు, క్షమించానని చెప్పలేదు. నా మోకాలి మీద తోలు లేచిన చేయి పెట్టి ఊరికే కూర్చుంది.

బేబీ ఆఫ్ హరిత, మదర్, అని తలుపు దగ్గర ప్రత్యూష పిలిచింది. హరిత లేచి చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, రెండుసార్లు. నేను తలుపు అద్దంలోంచి చూశాను. అన్ని వైర్ల మధ్య వాడు పిల్లి పిల్లంత ఉన్నాడు. ఆమె ముందు ఎప్పటిలాగే చేతులు కట్టుకుంది. తర్వాత విప్పింది. చూపుడువేలు తీసుకెళ్ళి వాడి అరచేతిలో పెట్టింది. వంగి చెవి దగ్గర ఏదో చెప్పింది. అద్దం అవతల మాట వినబడలేదు గానీ పెదాలు కనిపించాయి. నా కొడుకా అంది. సినిమా అయితే అంకెలు గబగబా పెరిగేవి. ఎనభై తొమ్మిది ఎనభై తొమ్మిదిగానే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. తగ్గలేదు, హరితకు అదే చాలు. పది నిమిషాలయ్యాక ఆమెను బయటికి పంపడానికి ప్రత్యూష భుజం పట్టుకుని తీసుకురావలసి వచ్చింది.

మర్నాడు గొట్టం తీశారు. ఆరు గంటలు గడిచాయి. రాత్రి గడిచింది. తెల్లవారి పదింటికి నేను మాచర్లలో ఉండగా హరిత ఫోన్ చేసింది. ఏమీ చెప్పకుండా, విను అంది. బొంగురుగా, కప్ప అరిచినట్టు, ఒక ఏడుపు. యాభై ఏడో రోజున వాడికి మళ్ళీ చప్పుడొచ్చింది.

"నా కొడుకు అక్కా," అంది.

డెబ్బై ఒకటో రోజున ఇంటికి వచ్చారు. ఛాతీ మీద నిలువుగా గీత, చేతుల నిండా సూది మచ్చలు. ఏడాదికోసారి చూపిస్తూ ఉండాలట. బారసాలలో ఏదో నోరు తిరగని పేరు పెట్టారు గానీ, తురకలమ్మ కొన్న బిడ్డ అని పెద్దమ్మ సైదులు అని పిలుస్తుంది, వీధంతా అదే పిలుస్తోంది. అదే రోజు హరిత చేట నిండా తవుడు తెచ్చి నా ముందు పెట్టి, నా కొడుకును నాకియ్యి అని గట్టిగా, నలుగురూ వినేటట్టు అడిగింది. ఇచ్చాను. ఆ తవుడు నేనేం చేసుకుంటాను? సాయంత్రం గోడ మీదుగా వాళ్ళ గేదెకే పోసేశాను.

పుల్లమ్మ పెద్దమ్మకు మేము ఏమీ చెప్పలేదు. కడుపుకోత ఎరగని తల్లి ఒళ్ళో పడ్డాడు కాబట్టి నిలిచాడని ఆమె కనబడినవాళ్ళకల్లా చెబుతుంటుంది. అప్పుడు హరిత నా వైపు చూస్తుంది. నేను దారం తెంపుకుంటూ తల వంచుకుంటాను.

వాడు ఇప్పుడు గోడ అవతల గొంతు చించుకుని ఏడుస్తాడు. వాడి ఏడుపేమిటో నాకు బాగా తెలిసింది. మిషన్ కింద ఏడుపు అది కాదు. అది ఇంకా ఉంది. సన్నగా, సగంలో ఆగిపోతూ. వాడిదేననుకుని ఇన్నాళ్ళూ కాలు ఆపి ఆపి విన్నాను. ఇప్పుడు ఆపడం లేదు. కుడుతూనే, ఇంట్లో ఎవరున్నా సరే, పైకే అంటాను.

"ఇదిగో వస్తన్నా ఫరా. ఈ అంచు అయిపోనీ."